గద్దర్ – ర్యాపు – వంతపాట

కవి గతించిన తరువాత అతని మాటకు కొత్త శ్రోతలు పుట్టుకురావడం సాహిత్యచరిత్రలో వింతయేమీ కాదు. తాటాకులలో నిద్రపోతున్న వేమన్నను 1829లో సి.పి. బ్రౌను అచ్చు వేయించాడు. పండితులు పక్కకు నెట్టిన పద్యాలను ఒక పరాయిదేశపు ఉద్యోగి వెదకి పట్టుకొన్నాడు. ఏ కాలానికి ఏ దారిన పాఠకుడు వస్తాడో ఎవరూ ముందుగా చెప్పలేరు.

గద్దర్ 2023 ఆగస్టు 6న కన్నుమూశారు. ఆ తరువాత మా గోదావరిఖనిలో ఆయన పాటలను కొత్తగా చెవిన వేసుకొంటున్న పిల్లలను గమనిస్తున్నాను. వీరిలో ఎక్కువమంది ఉద్యమాల దారిన వచ్చినవారు కారు, తెలంగాణ రాష్ట్రం వచ్చేనాటికి బడిలో అక్షరాలు దిద్దుతున్నవారు. వీరు వచ్చింది ర్యాపు దారిన. చెవులలో తీగలు పెట్టుకొని అమెరికా నల్లజాతి కవులను, బొంబాయి గల్లీ గాయకులను వింటూ వింటూ, ఏదో ఒకనాడు తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు దగ్గరకు వచ్చి ఆగుతున్నారు. ఆగి, మావంటి పాతవాళ్లను ఒక ప్రశ్న అడుగుతున్నారు: గద్దర్ మన మొదటి ర్యాపరా?

నన్ను ఈ ప్రశ్న అడిగినవాడు నా మనుమడు, మా అమ్మాయి కొడుకు. హైదరాబాదులో ఇంజనీరింగు మూడవ సంవత్సరం చదువుతున్నాడు. వాళ్ల నాన్న ఓపెన్‌కాస్టులో డంపర్ ఆపరేటరు. దసరాకు ముందు సింగరేణివారు కార్మికులకిచ్చే లాభాల వాటాతో అల్లుడు ఇంటికేదో సామాను కొందామనుకొంటే, వీడు తండ్రిని బతిమాలి పెద్ద స్పీకరు కొనిపించుకొన్నాడు. వీడికి ఇద్దరు జతగాళ్లు. సెలవులలో ముగ్గురూ మా మేడ మీద చేరి లాప్‌టాపులో దరువులు పేర్చి, వాటి మీద మాటలు అల్లుతుంటారు. మాటలు తప్పకుండా నా దగ్గరకు దిద్దుబాటుకు వస్తాయి. ముప్పయి మూడేళ్లు పిల్లల కాపీలు దిద్దినవాడిని, ఎర్రసిరా అలవాటు ఎక్కడికి పోతుంది!

వీడి వినికిడి సాగిన క్రమం చెబుతాను, ఎందుకంటే వీడి తరం అంతా ఇంచుమించు ఈ మెట్లే ఎక్కింది. మొదట సినిమా పాటలు. 2019లో వచ్చిన ‘గల్లీ బాయ్’ హిందీ చిత్రంతో దానికి మూలమైన నేజీ, డివైన్ అనే బొంబాయి గాయకులు. మన భాషలో నోయల్, రోల్ రైడా. అక్కడినుంచి సముద్రం దాటి, 1987లో ‘పెయిడ్ ఇన్ ఫుల్’ అనే సంపుటిని వెలువరించిన రకీం. చివరకు, ఎవరో ఎక్కించిన పాత వీడియో ఒకటి. అందులో గద్దర్ గోచీ పెట్టి, గొంగడి వేసికొని, కాళ్లకు గజ్జెలు కట్టి ఆడుతూ పాడుతూ హఠాత్తుగా పాట ఆపుతాడు. మాట మొదలుపెడతాడు. డప్పు మాత్రం ఆగదు.

“తాతా, గిది సూడు. పాట ఆపిండు, బీటు ఆపలే. మాట్లాడుతున్నట్టే ఉన్నది గని, మాటలన్ని బీటు మీదనే పడుతున్నయ్. గిదే గద ర్యాప్ అంటే!”

వాడు కనిపెట్టినది నిజమే. నిజం కనుకనే నేను వెంటనే అవుననలేదు. తెలుగు పండిత శిక్షణలో మాకు నేర్పిన మొదటి మర్యాద అది – లక్ష్యం చూపగానే లక్షణం ఒప్పుకోరాదు, ఇంకా నాలుగు లక్ష్యాలు అడగాలి. అడిగాను. వాడు తెచ్చాడు. దాదాపు వారం రోజులు తాతామనుమలం ఇదే పనిలో ఉన్నాము.

పాట ఆపి మాటలోకి దిగడం, ఆ మాటను తాళం వదలకుండా నడిపించి తిరిగి పాటలోకి ఎక్కించడం గద్దర్‌కు ముందే మన కథాగానాలలో ఉన్న విద్య. బుర్రకథలో కథకుడు వచనం చెబుతున్నప్పుడు పక్కన వంతలు గుమ్మెటలు వాయిస్తూనే ఉంటారు. ఒగ్గుకథలో డోలు మీద కథ సాగుతుంది. మా పాత కరీంనగరం జిల్లావాడైన మిద్దె రాములు ఒగ్గుకథ చెబుతుంటే, ఏది పాట, ఏది మాట అని గీత గీయడం పండితులకు కూడా సాధ్యమయ్యేది కాదు. కథకుడి ఊపిరి ఎక్కడ తెగుతుందో అక్కడ వంతవాళ్లు అందుకొంటారు. జననాట్యమండలి 1970లలో పాటను పల్లెకు మోసుకుపోయినప్పుడు ఈ పనిముట్లనే చేతబట్టింది: బుర్రకథ, ఒగ్గుకథ, వీధిభాగోతం, జోలపాట. గద్దర్ గొప్పతనం వాటిని కనిపెట్టడంలో లేదు. వాటి నడకను బిగించి, మాటను ముందుకు తెచ్చి, గాయకుని శరీరాన్నే ఒక వాద్యంగా చేయడంలో ఉంది. ఆయన రొప్పు కూడా తాళంలో పడుతుంది. గజ్జె మోగకముందే మోగబోతున్నదని మనకు తెలిసిపోతుంది.

ఇక రకీం సంగతి. మనుమడు వాడి పంక్తులు కాగితం మీద రాసి, ప్రాస పడిన చోటల్లా రంగు పెన్సిలు గీసి నాకు చూపించాడు. నాకు ఇంగ్లీషులో వినబడింది సగమే గాని, రంగులు చూడగానే విషయం అర్థమయింది. అతనికి ముందు చాలామంది ర్యాపు కవులు ప్రాసను పంక్తి చివర వేసేవారట, మన అంత్యప్రాస వలె. రకీం దానిని పంక్తి మధ్యలోకి, రెండు మూడు చోట్లకు చల్లాడు. చిన్ననాడు శాక్సఫోను వాయించిన చేయి కనుక ఊపిరిని ఎక్కడ తెంపాలో తెలుసునట. “ఇది మన ప్రాసయతిరా!” అన్నాను. వాడికి ప్రాసయతి తెలియదు. ఇంజనీరింగు చదువులో దాని అవసరం ఎవరికీ కనబడలేదు, అదొక విషాదం, ఇప్పుడు వద్దు.

పంక్తి మొదటి అక్షరంతో యతిస్థానంలోని అక్షరానికి మైత్రి కుదర్చడం యతి. అది కుదరని చోట, ఆ రెండు స్థానాల పక్కనున్న రెండవ అక్షరాలకు ప్రాస కూర్చి సరిపెట్టడం ప్రాసయతి. అంటే పంక్తి లోపలనే ప్రాస మోగుతుంది. మన సీసపద్యాలలో, తేటగీతులలో ఇది శతాబ్దాలుగా ఉంది. అయితే వాళ్ల లయకు నిజంగా దగ్గరగా ఉన్నది సీసం కాదు, రగడ. రగడ అనగానే గొడవ అనుకొనే కాలం వచ్చింది గాని, అది ఛందస్సు. మాత్రల లెక్క మీద నడిచే పాదాలు, రెండేసి పాదాలకు అంత్యప్రాస, పైగా యతి. తురగవల్గనం మూడేసి మాత్రలతో గుర్రంలా దుముకుతుంది. మధురగతి నాలుగేసి మాత్రలతో, ద్విరదగతి అయిదేసి మాత్రలతో ఏనుగు నడకలా సాగుతుంది. వృషభగతి మూడు, నాలుగు కలిపి ఏడేసి మాత్రలు. పాల్కురికి సోమనాథుడు బసవని మీద రగడ రాశాడు. ఆయనే సంస్కృత వృత్తాలను పక్కన పెట్టి, అందరూ పాడుకోవడానికి వీలైన ద్విపదలో బసవపురాణం చెప్పాడు. పదమూడవ శతాబ్దిలో ఈ పని చేసినవాడిని ఆనాటి పెద్దలు ఎంతగా మెచ్చుకొని ఉంటారో, ఈనాడు ర్యాపును మన పెద్దలు మెచ్చుకొంటున్న తీరును బట్టి ఊహించుకోవచ్చు.

(ర్యాపు పందేలలో ఒకరినొకరు ఎత్తిపొడుచుకోవడం చూసి మా ఆవిడ చెవులు మూసికొంది. తిరుపతి వేంకట కవులు తమను గెలిస్తే మీసాలు తీసివేస్తామని సవాలు చేసిన సంగతి ఆమెకు గుర్తు చేశాను. “వాళ్లు పద్యాల్లో తిట్టుకున్నరు గద” అంది. తిట్టుకు ఛందస్సు ఉంటే క్షమించవచ్చునన్న మాట!)

మనుమడికి మరొక ఉత్సాహం కలిగింది, సంవత్సరాలు. న్యూయార్కులోని బ్రాంక్సు ప్రాంతంలో 1520 సెజ్‌విక్ అవెన్యూ అనే భవనంలో 1973 ఆగస్టు 11న ఒక వేడుకలో, జమైకా నుంచి వచ్చిన డీజే కూల్ హెర్క్ రెండు రికార్డులను మార్చి మార్చి తిప్పుతూ, పాటలో గొంతులు ఆగి దరువు మాత్రమే మిగిలే ముక్కను సాగదీశాడు. హిప్‌హాప్ పుట్టినరోజుగా దానినే చెప్పుకొంటారు. జననాట్యమండలి పుట్టుకా ఆ రోజులలోదే – 1972 ప్రాంతంలో. “ఒక్కటే టైం తాతా!” అని వాడి కేరింత. సంవత్సరాలు కలిసినంత మాత్రాన చుట్టరికం కుదరదు. హెర్క్‌కు గద్దర్ తెలియదు, గద్దర్‌కు హెర్క్ తెలియదు. కాని కారణాలలో పోలిక ఉంది, దానిని కొట్టిపారేయలేను. అక్కడ నగరం నడుమగా పెద్ద రహదారి వేసి పేటలను చీల్చారు, ఇళ్లు తగులబడ్డాయి, పిల్లలకు వాద్యాలు కొనే స్తోమత లేదు. ఉన్న రికార్డుప్లేయరే వాద్యమైంది. ఇక్కడ భూమి పోయినవాడు, భూమి లేనివాడు బాయి పనికి వచ్చాడు. ఉన్న డప్పు, ఉన్న గొంగడి, ఉన్న కర్ర – అవే రంగస్థలమయ్యాయి. బ్రాంక్సు పేదరికాన్ని ఉన్నదున్నట్టు చెప్పిన ‘ది మెసేజ్’ 1982 దాకా రాలేదు. అంతవరకు వాళ్లది ఎక్కువగా వేడుక పాట. మనది మొదటినుంచీ గోడు వెళ్లబోసుకొన్న పాట.

ఈ సందర్భంలో గుర్తుకు వచ్చేవాడు గిల్ స్కాట్ హెరాన్. దరువు మీద మాట చెప్పిన ఈ నల్లజాతి కవిని ర్యాపుకు తాత అనేవారు. ఆయన 2011లో పోయాడు. అంతకు కొద్దిముందు, 2010లో, కాన్యే వెస్ట్ తన సంపుటి చివర ఆయన గొంతును వాడుకొన్నాడు. కాన్యే కోసం వచ్చిన ఎందరో పిల్లలు ఆ ముక్క ఎవరిదని వెదుక్కొంటూ ముసలాయన దగ్గరకు వెళ్లారు. రాక్ అండ్ రోల్ కీర్తిమందిరం వారు తొలి ప్రభావం చూపినవాడని ఆయనను గౌరవించింది 2021లో, పోయిన పదేళ్లకు. మనదగ్గరా అంతే కదా. 1995 నాటి ‘ఒరేయ్ రిక్షా’ పాటకు ప్రకటించిన నంది పురస్కారాన్ని గద్దర్ తిరస్కరించారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం సినిమా పురస్కారాలకే ఆయన పేరు పెట్టింది. వద్దన్నవాడి పేరు మీద బిరుదులు పంచుతున్నారు. ఇందులోని చమత్కారం ఆయనకు తప్పక నచ్చి ఉండేది.

ప్రభావం సంగతి చెప్పాలి. ఇప్పటి తెలుగు ర్యాపు మీద గద్దర్ ప్రభావం ఉందా అంటే, పిల్లలు డప్పులో, కేకలో వెదుకుతారు. నా దృష్టిలో అది పైపై పోలిక. అసలు ప్రభావం భాషలో ఉంది. మేము చదువుకొనే రోజులలో మా ఇళ్లలో మాట్లాడే తెలుగు పుస్తకంలో ఉండేది కాదు, రేడియోలో ఉండేది కాదు, సినిమాలో ఉంటే రౌడీ నోటనో హాస్యగాని నోటనో ఉండేది. ఆ తెలుగును దిద్దకుండా, నవ్వుల కోసం కాకుండా, వేలమంది ముందు తలెత్తి పాడవచ్చునని చూపినవారిలో ఆయన ముందువరుసలో ఉన్నారు. మా అవతలి ఒడ్డున లింగాపూర్‌లో పుట్టిన గూడ అంజయ్య, పాలమూరు గోరటి వెంకన్న ఆ వరుసలోని వారే. ఈ రోజు ఒక పిల్లవాడు సంకోచం లేకుండా తన ఇంటి తెలుగులో ర్యాపు రాసుకొంటున్నాడంటే, ఆ సంకోచాన్ని ఎవరో ముందుగానే వాడి బదులు పోగొట్టి పెట్టారు. వాడికి అది గాలిలా ఉచితంగా వచ్చింది. గాలికి అప్పుపడ్డామని ఎవరనుకొంటారు?

మరొక సంగతి వాడికి గట్టిగా చెప్పాను. ‘మా భూమి’ చిత్రంలో బండి కట్టుకొని వచ్చే దొరను నిలదీసే పాట గద్దర్‌దని వాడి స్నేహితులు రాసిపెట్టుకొన్నారు. ఆ చిత్రం 1979లో గౌతం ఘోష్ దర్శకత్వంలో తయారైంది, నిర్మాత బి. నర్సింగరావు. తెరమీద పాడింది గద్దరే. కాని పాట ఆయనది కాదు, తెలంగాణ సాయుధపోరాట కాలపు బండి యాదగిరిది. మన పూర్వులు ఈ ప్రమాదం ముందే ఊహించి శతకాలలో మకుటం పెట్టుకొన్నారు, అన్నమయ్య ప్రతి కీర్తనలోను వేంకటపతి ముద్ర వేశాడు. ర్యాపు కవులూ పాటలో తమ పేరు ఒకటికి పదిసార్లు చెప్పుకొంటారు, అది మంచి అలవాటే. జనం పాటలు రాసినవారు మాత్రం పేరు పెట్టుకోలేదు. గద్దర్ అన్నది కూడా సొంత పేరు కాదు, 1913లో అమెరికాలోని భారతీయులు స్థాపించిన గదర్ పార్టీ నుంచి తెచ్చుకొన్నది. కనుక ముక్క కోసుకొని వాడుకొనేవాడు ముందుగా అది ఎవరి ముక్కో తెలుసుకోవాలి అన్నాను. మనుమడు తలూపి యాదగిరి పేరు రాసుకొన్నాడు.

ముక్క కోయడం గురించి అన్నాను కదా. అది ఊరికే అన్నది కాదు.

నేను 1984లో ఇక్కడి బడిలో ఉద్యోగంలో చేరాను. ఆనాడు ఈ పాటలు మాకు సభలలో కంటె క్యాసెట్లలో ఎక్కువగా చేరేవి. ఒకదానినుంచి ఒకటి, దానినుంచి మరొకటి ఎక్కించుకోగా, గొంతు బొగ్గుపొడి కప్పినట్టు వినిపించేది. రాత్రి షిఫ్టుకు పోయేవాళ్లు పోయాక, రెండవ షిఫ్టు దిగివచ్చినవాళ్లు తలుపులు వేసికొని, శబ్దం తగ్గించి పెట్టుకొనేవారు. తగ్గించి విన్నందువల్ల ఒక విచిత్రం జరిగేది. గట్టిగా పాడే గాయకుడు నెమ్మదిగా వినబడేవాడు, వినేవాళ్లు తమ గొంతు తామే కలుపుకొనేవారు. సిగరేటు పెట్టె మీద వేళ్లతో దరువు వేస్తూ, పెదవులు మాత్రమే కదుపుతూ.

పదవ తరగతిలో మాత్రాఛందస్సు చెబుతున్నప్పుడు ఒక పిల్లవాడు లేచి, “సార్, గీ నడక నాకెరుకే” అని బల్ల మీద వేళ్లతో తురగవల్గనం వాయించాడు. ఏ పాట నడకో అతను చెప్పలేదు, నేను అడగలేదు. తరగతిలో అందరికీ తెలుసు. ఆ సంవత్సరం గణవిభజన నేను నల్లబల్ల మీద కాక అతని వేళ్ల మీద నేర్పాను. రగడలో ఒక్క పిల్లవాడూ తప్పు చేయలేదు. నా ఉద్యోగజీవితంలో అంత బాగా సాగిన పాఠం మరొకటి లేదు.

ఆ పిల్లవాడు 1991లో ఇల్లు విడిచి వెళ్లాడు. తిరిగి రాలేదు. కొన్నేళ్లకు పత్రిక లోపలి పుట అడుగున నాలుగు పంక్తుల వార్త వచ్చింది. ఆ రోజులలో మా ప్రాంతంలో అటువంటి నాలుగు పంక్తులు ఎన్ని ఇళ్లకు వచ్చాయో ఈ వైపువారికి చెప్పనక్కరలేదు. అతని తండ్రి బాయిలో ఫిల్లరు, పదవీవిరమణ అయ్యాక క్వార్టరు ఖాళీ చేసి మా వీధిలోనే ఇల్లు కట్టుకొన్నాడు. ఆయనా పోయాడు. తల్లి ఉన్నది. ఎనభై దగ్గర పడినది.

ఈ దసరా సెలవులలో మేడ మీద మా పిల్లలు గద్దర్ కేకను ఒకదానిని, నాలుగు క్షణాల ముక్కను, పాత సభ రికార్డులోంచి కోసి తీశారు. మాటలు లేవు, పాటలోకి దూకడానికి ముందు వేసే కేక మాత్రమే. దానిని మళ్లీ మళ్లీ తిప్పి, కింద కొత్త దరువు పెట్టి, ఆ దరువుపై తమ ర్యాపు చెప్పాలని ఆలోచన. శాంపిల్ అంటారట. లాభాల వాటా స్పీకరు చిన్నదేమీ కాదు, వీధంతా కేక. పావుగంట అయ్యేసరికి ఆమె కర్ర పట్టుకొని మా గేటు దగ్గరకు వచ్చింది. చప్పుడు గురించి కోప్పడుతుందనుకొన్నాను.

“ఏంది సారూ, పాట మొదలువెట్టుడు, ఆపుడు, మొదలువెట్టుడు, ఆపుడు? కేకేసిండు, మరి పాటేది?”

మనుమడు కిందికి దిగి వచ్చాడు. “అది బీటు అమ్మమ్మా. కేక ఒక్కటే తీసుకున్నం.”

“పాట లేకుండ కేకేం జేసుకుంటవు కొడకా? మొత్తం వెట్టు.”

పెట్టాడు. ఆమె మెట్టు మీద కూర్చుంది. పదకొండు నిమిషాల పాట అది. పాత రికార్డు కనుక ముందున్న గాయకుని గొంతే వినబడుతుంది, వంతవాళ్లది దూరంగా, గాలిలో కొట్టుకుపోయినట్టు ఉంటుంది. పిల్లలు ఇన్నాళ్లూ విన్నది అదే – ఒక్క మనిషి, ఒక్క గొంతు, మధ్య మధ్య ఖాళీ. ఆ ఖాళీ వచ్చిన ప్రతిచోటా ఆమె అందుకొంది. గట్టిగా కాదు. పక్కన నిలుచున్నవాడికి వినబడేంత. ఒక్క చోటనూ తాళం తప్పలేదు. ఊపిరి చాలని చోట కర్రను నేలకు కొట్టి ఆ మాత్రలు నింపింది. ఒక చరణంలో ఆమె పాడిన మాటలు రికార్డులో లేవు. మా బాయి పేరు, షిఫ్టు కూత, తట్ట – ఇక్కడివాళ్లు కలుపుకొన్న మాటలు. గద్దర్ పాటలో గద్దర్‌కు తెలియని చరణం.

పాట ముగిశాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మనుమడు ఫోను తీసి, “అమ్మమ్మా, ఆ చరణం మళ్లొక్కసారి పాడవా, రికార్డు చేసుకుంట” అన్నాడు.

“వద్దు బిడ్డా. అది నా కొడుకుది.”

కర్ర తీసికొని వెళ్లిపోయింది.

ఆ రాత్రి మనుమడు అడిగితే ఆమె కొడుకు సంగతి చెప్పాను. బల్ల మీద తురగవల్గనం సంగతి కూడా చెప్పాను. 1997 ఏప్రిల్ 6న గద్దర్ మీద జరిగిన కాల్పుల గురించి, ఆయన ఒంట్లోనే ఉండిపోయిన తూటా గురించి వాడికి ముందే తెలుసు, ఎక్కడో చదివాడు. అది వాడికి వీరగాథలా వినబడింది. మూడిళ్ల అవతలి మనిషి కథ అలా వినబడలేదు. అన్నం సగంలో లేచాడు. గద్దర్ తరువాతి కాలంలో ఆ దారినుంచి పక్కకు వచ్చి 2018లో తొలిసారి ఓటు వేసిన సంగతి కూడా చెప్పాను. పాట వినడమంటే పాడినవాడి ప్రతి అడుగునూ ఒప్పుకోవడం కాదని, పాట పాడుకొని ఏ దారిన వెళ్లినవాళ్లెందరో, తిరిగి వచ్చినవాళ్లెందరో లెక్క తెలిసి వినడం వేరని అన్నాను. వాడు ఏమీ అనలేదు.

మరునాడు ముగ్గురికీ వాదం. ఒకడు ఆ కేక తీసివేద్దామన్నాడు. ఇంకొకడు, వాళ్ల నాన్న ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు కార్మికుడు, గట్టిగా అడ్డుపడ్డాడు: “గద్దర్ పాట అందరిది. మనమెందుకు భయపడాలె?” నన్ను తీర్పు అడిగారు. తీసికోవడం తప్పు కాదనే నా అభిప్రాయం. గద్దర్ జోలపాటలనుంచి తీసికొన్నారు, ఒగ్గువాళ్లనుంచి తీసికొన్నారు, ఎవరినీ అడగలేదు. కాని తీసికొన్నదానిని వంతతో సహా తీసికొన్నారు. పాడేవాడు విడిచిన చోటును జనం నింపుతారన్న ధీమా మీదనే ఆ పాటల కట్టడం నిలిచి ఉంది. ర్యాపులో మైకు ఒక్కడి చేతిలో ఉంటుంది, ఊపిరి పీల్చుకొనే చోటు కూడా వాడే నింపుతాడు. మొదటి ర్యాపరా అన్న ప్రశ్నకు నా జవాబు ఇక్కడ ఉంది. మాటను దరువు మీద నడిపించడంలో ఆయన మీవాడే, ఒప్పుకొంటాను. కాని మీరు వింటున్న గొంతు పాటలో సగం. రెండవ సగం రికార్డులో సరిగా పడలేదు. అది ఈ వీధులలో, ఎనభై ఏళ్లు దగ్గరపడ్డ గొంతులలో ఉంది, అడిగితే ఇస్తారన్న భరోసా కూడా లేదు.

కేకను తీసివేశారో ఉంచారో నాకు ఇంకా చూపలేదు. కొత్తగా రాసిన దానిలో మాత్రం ప్రతి నాలుగు పంక్తులకు ఒక పంక్తి ఖాళీగా వదిలారు. అక్కడ ఏమి రావాలో వాళ్లకే తెలియడం లేదు. మొదట స్నేహితుల చేత ఏవో కేకలు పెట్టించారు, బాగా లేదు. నేను దిద్దలేదు. ఖాళీని ఎర్రసిరాతో ఎలా దిద్దుతాను?

ఆదివారాలు ముగ్గురూ రగడ పాఠానికి వస్తున్నారు. తురగవల్గనం, మధురగతి అయిపోయాయి, యతి మాత్రం కాంట్రాక్టు కార్మికుని కొడుకుకే బాగా పడుతున్నది. వృషభగతి దగ్గర ఆగారు. లాప్‌టాపులోని దరువులన్నీ నాలుగు లెక్కవే, మూడు నాలుగు కలిసిన నడక వాటికి ఎక్కడం లేదు. “ఏడుకు బీటు దొరుకుతలేదు తాతా” అని మనుమడు తల పట్టుకొన్నాడు. మా వెనుక వీధిలో బతుకమ్మకు, బోనాలకు డప్పు కొట్టే అతనిని అడిగి చూడమన్నాను. అడిగి వచ్చారు. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, నాలుగున్నరకు వస్తానన్నాడట. డప్పు కాచుకోవడానికి కాస్త ఎండుగడ్డి చూసి పెట్టమన్నాడట.